తల్లి ఉన్న యతీములు

రంజాన్ మొదటి అష్రా గడవకముందే రసీదు బుక్కులు బయటికొస్తయి. తరావీహ్ అయిపోయి మస్జిద్ మెట్లు దిగుతుంటే ఒకరు, కిరాణా దుకాణం గల్లా ముందు ఒకరు, ఇఫ్తార్ దావత్‌ల దస్తర్‌ఖాన్ ఎత్తకముందే ఇంకొకరు. ‘యతీమ్ బచ్చోఁ కే లియే కుఛ్ దీజియే.’ ఎవరం కాదనం. సూరె మావూన్ నమాజుల చదువుకునే నోటితోటి యతీమ్‌కి లేదని ఎట్ల అంటం? నేనూ ఇస్త. కానీ పర్సుల చెయ్యి పెట్టినప్పుడల్లా నాకొక సవాల్ వస్తది. ఈసారి దాన్ని మీ ముందు కూడా పెడుతున్న. మనం పైసలిచ్చే ఆ యతీముల్లో ఎంతమందికి అమ్మీ బతికే ఉన్నదో ఎప్పుడన్న అడిగినమా?

అడగడం నా నౌకరీ. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ల కాంట్రాక్టు మీద పనిచేసే సోషల్ వర్కర్‌ని. 1098కి ఫోన్ వచ్చినా, పోలీసోళ్లు ఎవరినన్న తీసుకొచ్చినా, ఏ దర్గా మెట్ల మీదనో ఒక బచ్చా ఒంటరిగ దొరికినా, ఆ బచ్చా ఇల్లెక్కడ, ఆ ఇంట్ల ఎవరున్నరు, ఇట్ల ఎందుకయింది అని గల్లీ గల్లీ తిరిగి రాసేది నాలాంటోళ్లమే. పేర్లు, మహల్లాలు ఇక్కడ రాయను. పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అంటది. చట్టం చెప్పకున్నా నేను రాసేదాన్ని కాదు.

అరబీల యతీమ్ అంటే అబ్బా పోయిన నాబాలిగ్ బచ్చా. అమ్మీ ఉన్నా సరే, యతీమే. సర్కారు చట్టంల అనాథ అనే మాటకు అర్థం వేరే. తల్లీ తండ్రీ లేనోళ్లు, చట్టప్రకారం చూసుకునే సంరక్షకులు కూడా లేనోళ్లు, ఉన్నా చూసుకోలేనోళ్లు, ఇదీ దాని లెక్క. ఈ రెండు మాటల మధ్య సందు ఉన్నది. మన బేవాలు ఆ సందులనే పడిపోతున్నరు. కరోనా తర్వాత ఇది సాఫ్‌గా కనబడ్డది. 2021 మే నెలల కేంద్రం ప్రకటించిన పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం తల్లిదండ్రులిద్దరినీ, లేకపోతే మిగిలిన ఆ ఒక్కరినీ పోగొట్టుకున్న పిల్లల కోసం. అబ్బా ఒక్కడే పోయి అమ్మీ మిగిలితే ఆ బచ్చా దాంట్లకు రాడు. తల్లి ఉన్నది కదా అని సర్కారు పక్కకు పెట్టింది. యతీమ్ కదా అని మనం తల్లి దగ్గర్నుంచి తీస్కపోయినం. ఇద్దరి మధ్యన అమ్మీ చేతుల ఏం మిగిలింది? నెలకోసారి కలవనిచ్చే ఇజాజత్, అది కూడా బస్సు కిరాయి ఉంటే.

యతీంఖానాలు వద్దని నేనంటలేను. నాంపల్లి అనీసుల్ గుర్బా పేరు వినని హైదరాబాదీ ముసల్మాను ఉండడు. ఎవ్వరూ లేని బచ్చాకి అలాంటి ఒక నీడ కావాలె, రేపు కూడా కావాలె. నా పరేషానీ వేరే. నేను గల్లీలల్ల కలిసే అమ్మీల్లో ఎక్కువమంది పిల్లల్ని దూరం పంపాలనుకున్నోళ్లు కారు. ఒక గది ఇల్లు. గోడవారగా గాజుల డబ్బాలు. లాడ్‌బజార్‌ల లైట్ల కింద తళతళలాడే ఆ లాక్ గాజులకు రాళ్లు అతికించేది ఇట్లాంటి గదులల్లనే, డజన్ల లెక్కన. అమ్మీ అతికిస్తది, పక్కన కూసుండి ఎనిమిదేళ్ల బిడ్డ అతికిస్తది. శౌహర్ పోయిన్నాడు ససురాల్ నుంచి ఇద్దత్ పూర్తయ్యేదాక ఆగిన్రు, తర్వాత ఆగలేదు. మైకేల భాయిలున్నరు, భాభీలున్నరు, జాగా లేదు. ‘ఉధర్ తీన్ వఖ్త్ ఖానా మిల్తా బాజీ, మై కాఁసే ఖిలాఊఁ’ అంటది. మూడు పూటల తిండి కోసం పెద్ద కొడుకుని ఎక్కడో ఇంకో జిల్లాల మద్రసా హాస్టల్‌ల ఏసింది. వాడికి ఏడేళ్లు. ఈద్‌కి వస్తడు. వచ్చినప్పుడు మొదటి రోజంతా అమ్మీతోటి మాట్లాడడంట, మేమాన్ లెక్క గోడకానుకుని కూసుంటడంట.

ఇంకో తీరు కూడా ఉన్నది, దాని గురించి మనం గట్టిగ మాట్లాడుకోం. జవాన్ బేవాకి రెండో నికాహ్ చేస్తరు. సున్నత్ అని, సవాబ్ అని అందరూ కలిసి చేస్తరు, మంచిదే. కానీ పిల్లగాని తరఫున మొదటి మాటే ‘బచ్చే నక్కో’. నికాహ్ నామా మీద దస్తఖత్ అయిన వారానికి పిల్లలు యతీంఖానాల ఉంటరు. ఖాజీ సాబ్ మేర్ ఎంతని అడుగుతడు, గవాహ్‌లు ఎవరని అడుగుతడు. పిల్లలు ఎక్కడుంటరని ఒక్క మాట అడిగితే ఎంత బాగుండు!

2015 బాలల న్యాయ చట్టం 3వ సెక్షన్‌ల కొన్ని అసూళ్లు రాసున్నయి. బచ్చాని చూసుకునే మొదటి జిమ్మేదారీ కుటుంబానిది. సంస్థల పెట్టడం అన్ని దార్లూ మూసుకుపోయినంక చేసే ఆఖరి పని. అందుకే 45వ సెక్షన్‌ల స్పాన్సర్‌షిప్ పెట్టిన్రు. అమ్మీ బేవా అయినా, తలాఖ్ అయినా, శౌహర్ వదిలేసి పోయినా, తల్లిదండ్రులు లేక పిల్లలు నానీ దాదీల దగ్గర, ఖాలా మామూల దగ్గర ఉన్నా, ప్రాణం మీదికొచ్చే బీమారీ ఉన్నా, బచ్చా ఆ ఇంట్లనే ఉండి చదువుకోనీకి మదద్. మిషన్ వాత్సల్య కింద ఇది నెలకు 4,000 రూపాయలు. ఇంటి ఆమ్‌దనీ పట్నంల ఏడాదికి 96,000, పల్లెల 72,000 దాటొద్దు. 4,000 అంటే పాతబస్తీల ఒక గది కిరాయికి సరిపోతది. మీకు చిన్నగ కనబడొచ్చు. కిరాయి తీరితే గాజుల పైసలు తిండికి మిగులుతయి, తిండి మిగిలితే బచ్చా ఇంట్ల ఉంటడు. నా నౌకరీల నేను నేర్చుకున్న హిసాబ్ అంతే.

మరి అందరికీ ఎందుకు అందుతలేదు? కాగజ్. శౌహర్ పోయినోళ్లకు కనీసం డెత్ సర్టిఫికెట్ ఉంటది. వదిలేసి పోయినోళ్ల బీబీకి ఏముంటది? మౌత్ కాలేదు, తలాఖ్ ఇయ్యలేదు, ఖులా కాలేదు. దుబాయి పోయిండంటరు, బొంబాయి పోయిండంటరు. చట్టం ‘వదిలివేయబడిన’ అని ఆమెను సాఫ్‌గా లెక్కల పెట్టింది కానీ, వదిలేసిండని రాసిచ్చేదెవరు? మహల్లా మస్జిద్ సద్ర్ సాబ్ లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి సహీ పెడితే నా రిపోర్టుకి బలం వస్తది. చాలామంది పెట్టరు. ‘కల్ వో వాపస్ ఆగయా తో?’ అంటరు. ఆరేళ్ల నుంచి రానోడు వాపస్ వస్తడేమోనన్న ఫికర్ ఉన్నది, ఆరేళ్ల నుంచి ఆకలిగ ఉన్నోళ్ల ఫికర్ లేదు.

ఒక కేసు చెప్త, కొన్ని వివరాలు మార్చి. పదేళ్ల బాబు, ఆరేళ్ల చెల్లె. అమ్మీ టీబీతోటి పోయింది. అబ్బా ఇంకో నికాహ్ చేసుకుని ఊరు మార్చిండు, ఫోన్ నంబర్ కూడా మార్చిండు. నానీ దగ్గర ఉంటున్రు. నానీ దవాఖానకు పోయిన రోజు ఇద్దరూ దర్గా దగ్గర చెయ్యి చాపుతుంటే ఎవరో 1098కి చేసిన్రు. బచ్చా దొరికిన 24 గంటలల్ల బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు చెయ్యాలె, చేసినం. విచారణ అయ్యేదాక హోమ్. ఇక్కడ ఒక మాట బయటోళ్లకు తెల్వదు: మగపిల్లల హోమ్ వేరే, ఆడపిల్లల హోమ్ వేరే. అన్నాచెల్లెళ్లను విడదియ్యాలని ఎవరికీ ఉండదు, బిల్డింగులే విడదీస్తయి. నేను బాబుని చూడనీకి పోయిన రోజు వార్డెన్ నవ్వుకుంట చెప్పిండు, వీడు పొద్దున ఇచ్చిన కోడిగుడ్డు ప్యాంటు జేబుల దాసిండు మేడమ్, రెండు రోజులకి వాసనొస్తే దొరికిండు అని. ఎందుకురా అంటే చెల్లె కోసమంట. ఆమె ఎక్కడున్నదో వానికి తెల్వదు, రేపో మాపో వస్తదనుకుంటున్నడు.

సామాజిక పరిశీలన రిపోర్టుకి 15 రోజుల గడువు ఉంటది. నానీ ఇంటికి రెండుసార్లు పోయిన. ఒక్క గది, షుగర్ బీమారీ, కండ్లు సరిగ కనబడవు. కాగితం మీద పెడితే అన్నీ ఖిలాఫ్‌గ ఉంటయి. కానీ పక్కింటోళ్లను అడిగిన, స్కూల్ల టీచరమ్మను అడిగిన. పిల్లలు రోజూ వచ్చేటోళ్లు, తలకు నూనె పెట్టుకుని వచ్చేటోళ్లు అన్నది టీచరమ్మ. ఆ నూనె ముచ్చట కూడా రిపోర్టుల రాసిన. కమిటీ ముందు ఒక మెంబరు, ఈ వయసుల ఎట్ల సాకుతవమ్మా అని అడిగితే నానీ నిలబడి, ‘ఇనోకీ అమ్మీ కు భీ మైచ్ పాలీ నా సాబ్’ అన్నది. వీళ్ల అమ్మీని పెంచింది కూడా నేనే కదా అని. కమిటీ పిల్లలిద్దరినీ నానీకే అప్పజెప్పి, స్పాన్సర్‌షిప్‌కి సిఫారసు చేసి, నన్ను కనిపెట్టుకుని ఉండమన్నది.

ఇట్ల అయిన కేసులు మస్తుగున్నయి, కథ ఇక్కడ అయిపోతే నేను ఈ ముచ్చట రాసేదాన్నే కాదు. ఆర్డరు అయిన రోజుకి, బ్యాంకుల మొదటి 4,000 పడ్డ రోజుకి మధ్య ఏడు నెలలు పట్టింది. డెత్ సర్టిఫికెట్ల అమ్మీ పేరు ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు. ఆమ్‌దనీ సర్టిఫికెట్‌కి మీసేవ. పిల్లల పేరు మీద ఖాతా. జిల్లా కమిటీ మీటింగు. తర్వాత పైనుంచి బడ్జెట్. ఆ ఏడు నెలల్ల మూడో నెలకే ఒక సాబ్ నానీ ఇంటికొచ్చిండంట, బాబుని మాకియ్యండి, హాఫిజ్‌ని చేస్తం, తిండి బట్ట ఫికర్ మాది అని. మంచి మనసుతోటే వచ్చి ఉంటడు. చెల్లెని మాత్రం తీసుకోరంట, అక్కడ లడ్కే మాత్రమే. నానీ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. పంపియ్యకపోతే తిండి లేదు, పంపిస్తే మళ్ల అదే గుడ్డు ముచ్చట.

పంపలేదు. ఆ గల్లీల టైలరింగు దుకాణం నడిపే భాయి ఒకాయన, నేను అడిగిన్నాడే, తన జకాత్‌ల నుంచి నెలకు 3,000 నానీ చేతుల పెట్టడం షురూ చేసిండు. రసీదు లేదు, ఫోటో లేదు. సర్కారు పైసలు పడేదాక ఇచ్చిండు, తర్వాత ఇంకో ఇంటికి మార్చిండు. ఒక యతీంఖానా ఇమారత్‌కి ఇచ్చి ఉంటే అది ఒక మూల ఇటుకలకు అయ్యేది.

నేను అడిగేది ఇదే. ఆర్డరుకీ మొదటి పైసకీ మధ్య ఉన్న ఆ నెలల్ల మన జకాత్ నిలబడాలె. జకాత్ మసాయిల్ నాకంటే ఉలమాలకు బాగ తెలుసు, అయినా ఒక మాట యాద్ చేస్త. మన హనఫీ మస్లక్‌ల జకాత్‌కి తమ్లీక్ షర్తు. అంటే ఆ పైసలు ఒక గరీబు మనిషిని మాలిక్‌ని చేసి ఇయ్యాలె. గోడలకు, స్లాబులకు సీదాగ జకాత్ చెల్లదు. అందుకే ఇమారత్‌ల కోసం హీలా చేస్తరు, ముందు ఒక గరీబుకిచ్చి అతని చేతుల నుంచి మళ్ల చందాగ తీసుకుంటరు. ఎందుకింత తిప్పలు? బేవా అమ్మీ చేతుల పెడితే ఏ హీలా అక్కర లేకుండ అదా అయితది. ఖురాన్ల యతీమ్ మాల్ తినొద్దని అంత సఖ్తుగ చెప్పిన ఆయతులున్నయి, యతీమ్ పేరు మీద వసూలైన పైసకి హిసాబ్ అడిగే హఖ్ ఇచ్చేటోనికి ఉన్నది. పిల్లలుండే ఏ సంస్థ అయినా బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టర్ కావాలె. రసీదు చింపేటాయనని ఆ నంబరు అడగండి. అడిగితే గునాహ్ కాదు.

హిసాబ్ చూద్దాం. జుమ్మాకి ఒక మామూలు మస్జిద్‌ల 400 మంది ఉంటరనుకోండి. మనిషికి పది రూపాయలు. ఒక జుమ్మాకి 4,000, నెలకు నాలుగు జుమ్మాలు. నలుగురు పిల్లలు నాలుగు ఇండ్లల్ల వాళ్ల అమ్మీల దగ్గర, నానీల దగ్గర ఉంటరు. దీనికి కమిటీలు, బోర్డులు, ఉద్ఘాటన్‌లు ఏమీ వద్దు.

ఇప్పుడు కఫాలత్ ముచ్చట. యతీమ్ కఫాలత్ చేసేటోడు జన్నత్‌ల తనకెంత దగ్గరుంటడో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం రెండు వేళ్లు కలిపి చూపించిన హదీస్ మన ప్రతి చందా పాంప్లెట్ మీద ఉంటది. ఆ హుజూర్ స్వయంగ యతీమ్. పుట్టకముందే అబ్బాజాన్ పోయిన్రు. పసితనం హలీమా సాదియా ఇంట్ల. ఆరేళ్లకు అమ్మీజాన్ పోయిన్రు, అప్పుడు దాదా అబ్దుల్ ముత్తలిబ్ ఇల్లు. ఎనిమిదేళ్లకు దాదా పోయిన్రు, అప్పుడు చాచా అబూ తాలిబ్ ఇల్లు. ఒక ఇంటి దస్తర్‌ఖాన్ మీద నుంచి లేస్తే ఇంకో ఇంటి దస్తర్‌ఖాన్. సీరత్ జల్సాలల్ల ఈ వాఖియా చెప్పి ఏడిపిస్తరు, ఏడ్చి బయటికొచ్చి బిల్డింగుకి చందా ఇస్తం.

దత్తత అంటే మనోళ్లకు ఎందుకు ఝిఝక్ ఉన్నదో నాకు తెలుసు. సూరె అహ్‌జాబ్‌ల హజ్రత్ జైద్ ముచ్చట తర్వాత, పెంచుకున్నోళ్ల పేరు తగిలించి బచ్చా నసబ్ మార్చొద్దన్నది తేలిపోయింది. 2014ల షబ్నం హాష్మీ కేసుల సుప్రీంకోర్టు, ముసల్మాన్లు కూడా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చు, ఇష్టం లేనోళ్లకు జబర్దస్తీ లేదు అన్నది. దాని మీద బహస్ నడవనియ్యండి. నేను చెప్పేది ఇంకో దారి. అదే చట్టంల 44వ సెక్షన్ ఫాస్టర్ కేర్. బచ్చా ఇంకో కుటుంబంల పెరుగుతడు. పేరు మారదు, వల్దియత్ మారదు. అసలు తల్లిదండ్రులుంటే వచ్చి చూసిపోవచ్చు. అన్నాచెల్లెళ్లని వీలైనంత వరకు ఒక్క ఇంట్లనే పెట్టాలె. పెంచేటోళ్లకు మదద్ వస్తది. ఇది కఫాలత్ కాక మరేంది? 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ ఆర్టికల్‌ల ఫాస్టర్ కేర్ పక్కనే కఫాలా అని పేరు పెట్టి మరీ రాసున్నది. మన దీన్ మాట దునియా కాగితం ఎక్కింది, మన మహల్లాకి ఎక్కలేదు. నాకొచ్చే ఫోన్లు ఎట్లుంటయంటే, ‘బాజీ, ఛోటీ బచ్చీ హోనా, గోరీ హోనా, కిసీ కో మాలూమ్ నై పడ్నా.’ చిన్న పాప కావాలె, తెల్లగుండాలె, ఎవరికీ తెల్వొద్దు. పదకొండేళ్ల నల్లటి బాబు, నూనె అన్నం తప్ప వేరేది తినని బాబు ఉన్నడంటే ఫోన్ కట్.

మెహ్రమ్ సవాల్ నన్ను ప్రతి ఇంట్ల అడుగుతరు, అది బహానా కాదు, అసలు సవాలే. ఫాస్టర్ కేర్‌కి మామూలుగ వచ్చేది ఆరేళ్లు దాటిన పిల్లలు, కాబట్టి పాలు తాపి రజాయీ రిష్తా చేసుకునే దారి లేదు. దానికి జవాబు ఇల్లు ఎంచుకునేకాడ ఉన్నది. ఇంటి పరిశీలన చేసేటప్పుడు ఎవరెవరుంటరు, ఎన్ని గదులు, కొడుకుల వయసెంత అని మేము రాసుకుంటం. పెద్దోళ్లయిన కొడుకులున్న ఇంటికి ఆడపిల్లను పంపాలని ఎవరూ జిద్ చెయ్యరు. ఇంకోటి, 2024ల మారిన ఫాస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం పెండ్లి లేనోళ్లు, శౌహర్ లేనోళ్లు కూడా బచ్చాని పెంచుకోవచ్చు. ఒంటరి ఔరత్ అయితే బాబునైనా పాపనైనా, ఒంటరి మర్ద్ అయితే బాబుని మాత్రమే. మన బస్తీలల్ల బిడ్డల పెండ్లిళ్లు చేసి, పొద్దంతా తస్బీహ్ తిప్పుకుంట, ఎవరితోటి మాట్లాడాల్నో తెల్వక కూసుండే ఖాలాలు ఎంతమంది లేరు! ఆ ఇంట్ల ఒక తొమ్మిదేళ్ల పాపని ఊహించుకోండి. మెహ్రమ్ మస్‌అలా లేదు, నెల మదద్ ఉన్నది, ఖాలాకి కూడా ఒక పానం తోడు.

మమ్మల్ని చూసి జనం భయపడేది కూడా దాచిపెట్టను. నేను బురఖాల పోయినా సరే, ‘బచ్చోఁ కో లేజానేవాలే ఆగయే’ అని తలుపేసుకుంటరు. ఈ డర్‌కి వజహ్ ఉన్నది. 2023 మే 30న బీహార్ నుంచి మహారాష్ట్ర మద్రసాలకు పోయే 59 మంది పిల్లలని దానాపూర్-పుణె ఎక్స్‌ప్రెస్ నుంచి భుసావల్, మన్మాడ్ స్టేషన్లల్ల దింపి షెల్టర్లల్ల పెట్టిన్రు, వెంట ఉన్నోళ్ల మీద ట్రాఫికింగ్ కేసు పెట్టిన్రు. మరుసటేడు పోలీసులే కేసు మూసేసిన్రు. ఆ అమ్మీలకు ఆ దినాలు ఎవరు వాపస్ ఇస్తరు? కానీ ఇదీ మర్చిపోవద్దు: 2015 జనవరిల మన పాతబస్తీ గాజుల కార్ఖానాల తలుపులు తెరిస్తే బీహార్ పిల్లలు వందల మంది బయటికొచ్చిన్రు. గాలి ఆడని గదులు, పొద్దున్నుంచి రాత్రిదాక పని. ఆ మాలిక్‌లల్ల జుమ్మాకి మొదటి సఫ్‌ల నిలబడేటోళ్లు లేకుండ ఉంటరా? పోలీసోళ్లని చూసి డరే మహల్లా, ఆ కార్ఖానా ముందునుంచి రోజూ నడిచి పోయింది.

నడుమ ఇంకో ముచ్చట, దాదాలున్న ఇండ్లల్ల వినాల్సింది. దాదా బతికుండంగనే కొడుకు పోతే, మిగిలిన కొడుకులున్నప్పుడు పోతాకి విరాసత్‌ల హిస్సా రాదు, చాచాలే హక్‌దారులు. ససురాల్ బేవాని బయటికి పంపే ధైర్యం సగం ఇక్కడి నుంచే వస్తది. మిస్ర్‌ల 1946ల, పాకిస్తాన్ల 1961ల చట్టాలు తెచ్చి దీనికి ఏదో ఒక దారి చేసిన్రు. మన దగ్గర చట్టం లేదు. షరీయత్ మాత్రం చేతులు కట్టెయ్యలేదు. దాదా తన మాల్‌ల మూడో వంతు దాక పోతా పేరు మీద వసియ్యత్ రాయొచ్చు, బతికుండంగనే హిబా చెయ్యొచ్చు. నేను కలిసిన దాదాల్లో రాసినోళ్లు ఇద్దరే. ఆ రెండిండ్ల పిల్లలు ఏ హోమ్‌కీ రాలేదు.

‘ఇంట్ల ఉంటే పిల్లలు బిగడ్ జాతే, హాస్టల్‌ల ఉంటే చదువుకుంటరు’ అని నన్ను సమ్‌ఝాయించే పెద్దమనుషులకు నా జవాబు: మీ పోతాని ఏ వయసుల హాస్టల్‌కి పంపిన్రు? తెలంగాణల మైనారిటీ గురుకులాలు 204 ఉన్నయి, మంచి చదువు, నా కేసుల పిల్లలనే నేను దగ్గరుండి చేర్పించిన. అవి ఐదో తరగతి నుంచి. బడి కోసం పోయే పదేళ్ల పిల్లకి, తిండి కోసం పోయే ఐదేళ్ల పిల్లకి జమీన్ ఆస్మాన్ ఫరఖ్. మొదటామెకు సెలవులల్ల పోనీకి ఒక ఇల్లుంటది.

వచ్చే జుమ్మా తర్వాత మీ మస్జిద్ సద్ర్ సాబ్‌ని అడగండి, మన మహల్లాల శౌహర్ లేని ఇండ్లెన్ని, అందుల పిల్లలు ఎక్కడెక్కడున్నరు అని. ఆయనకు తెల్వకపోతే అంగన్‌వాడీ టీచరమ్మకు తెలుసు. ఆ అమ్మీని జిల్లా బాలల పరిరక్షణ ఆఫీసుకి తోలుకరండి. ఒక్కతే వస్తే గేటు కాడనే ఆగిపోతది, పక్కన ఎవరన్న ఉంటే లోపలికొస్తది. బచ్చా ఆధార్, అమ్మీ ఆధార్, స్కూలు బోనఫైడ్, ఆమ్‌దనీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, శౌహర్ డెత్ సర్టిఫికెట్, అది లేకపోతే మస్జిద్ ఖత్. పేర్ల స్పెల్లింగులు అన్నిట్ల ఒక్క తీరు ఉన్నయా ఇంటికాడనే చూసుకోండి, రెండు నెలలు కలిసొస్తయి. ఫోటోలు రెండు. ఫోటో స్టూడియోకి పైసలు లేకపోతే ఫోన్ల తీసుకొచ్చినా సరే, మేము ప్రింటు తీసుకుంటం.